వాసన లేని లేపనం

ఆవిడ డాక్టరే, కాదని ఎవరూ అనలేదు. కాకపోతే మనుషుల డాక్టరు కాదు. గాజు పళ్ళేల్లో పెరిగే బాక్టీరియాని ఏది చంపుతుందో, ఏది చంపదో ఏళ్ళ తరబడి కూర్చుని తేల్చినందుకు విశ్వవిద్యాలయం వాళ్ళు ఇచ్చిన బిరుదు అది. ఈ తేడా వాళ్ళ నాన్నకి తెలీక కాదు, తెలిసినా ఒప్పుకునే రకం కాదు. కూరగాయల బండి ఆగినా, మీటరు చూసే మనిషి వచ్చినా, "మా అమ్మాయి డాక్టరు" అని ఒక మాట చెవిన వేసి గానీ పంపేవాడు కాదు. దాంతో వీధి వీధంతటికీ ఆవిడ డాక్టరమ్మ అయిపోయింది. తలనొప్పులూ, పిల్లల విరేచనాలూ, ఎవరిదో కుక్కకి పట్టిన గజ్జీ గడప దాకా వచ్చాయి. "నేను ఆ డాక్టర్ని కాదండీ" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి చివరికి ఆవిడే ఊరుకుంది. పిలుపు వినడానికి బాగానే ఉండేది మరి.

నాన్న లిఫ్టుల మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. వాళ్ళ పనిలో ఒక నియమం ఉంది. లిఫ్టు బాగుచేసినవాడే ముందు ఎక్కాలి. కింద జనం ఎంత గోల పెట్టినా, ఆఫీసర్లు గడియారాలు చూసుకున్నా, ఆయన ఒక్కడే పై అంతస్తు దాకా వెళ్ళి, ఒక్కడే కిందికి దిగి, అప్పుడు "ఇక ఎక్కండి" అనేవాడు. ఉద్యోగం పోయినా ఆ నియమం పోలేదు. ఇంట్లో కొత్త ఫ్యాను బిగిస్తే కింద ముందు తనే కూర్చునేవాడు. చెల్లెలు కొత్తరకం కూర ఏదైనా వండితే ముందు తనే రుచి చూసేవాడు. ఫ్యాను కంటే కూరకే ఎక్కువ ధైర్యం కావాల్సి వచ్చేది.

ఆ చెల్లెలు, అంటే డాక్టరమ్మ మేనత్త, బడిలో లెక్కల టీచరుగా చేసి మానేసింది. పెళ్ళి ఊసెత్తితే ఒంటికాలి మీద లేచేది కాబట్టి ఆ ఊసు ఎవరూ ఎత్తరు. ముగ్గురూ ఉండేది మూడో అంతస్తులో. జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి లిఫ్టు లేని భవనంలో కాపురం పెట్టాడని అత్త రోజుకోసారైనా గుర్తుచేసేది.

డాక్టరమ్మ పనిచేసే కంపెనీ సబ్బులూ, క్రీములూ తయారుచేస్తుంది. యజమానికి పనివాళ్ళు పెట్టుకున్న పేరు నేచురల్ గారు. ఆ మాట లేకుండా ఆయన నోట వాక్యం పూర్తయ్యేది కాదు. జీతాలు ఆలస్యమైతే "వ్యాపారంలో ఇవన్నీ నేచురల్" అనేవాడు. తన గది నిండా ప్లాస్టిక్ తీగలు పాకించి, వాటికి రోజూ నీళ్ళు చిమ్మించేవాడు. చిమ్మే మనిషికి సందేహం వచ్చింది గానీ అడగలేదు. ఉద్యోగం అవసరం కదా.

ఆయనకి ఒకరోజు పుండ్ల లేపనం చెయ్యాలని బుద్ధి పుట్టింది. రసాయనం అన్న మాట ఉండకూడదు, అన్నీ మొక్కల్లోంచే రావాలి, బాక్టీరియా మాత్రం పేరు వింటేనే చావాలి. ఇందులో మరీ చెవిలో పువ్వు పెట్టే మాటేం లేదు. నిమ్మగడ్డి నూనె, వాము నూనె, లవంగ నూనె నిజంగానే బాక్టీరియాని చంపుతాయి. దాని పైపొరకి చిల్లులు పొడుస్తాయి, లోపలున్నదంతా బయటికి కారిపోతుంది. కొబ్బరినూనెలోంచి తీసే కొవ్వు ఆమ్లానికీ ఆ పని చేతనవును, కాకపోతే అందరి మీదా దాని పప్పులుడకవు. చర్మం మీద కాపురముండే బంగారు రంగు బాక్టీరియా దానికి లొంగుతుంది. పేగుల్లో కాపురముండే బాక్టీరియాకి పైన ఇంకో గోడ ఉంటుంది, కొవ్వు ఆమ్లం ఆ గోడ దగ్గరే ఆగిపోతుంది. ఇది ఆ చదువులో ఓనమాల పాఠం.

మొదటిసారి నూనెలన్నీ కలిపి లేపనం చేశారు. బాక్టీరియా చచ్చాయి, రాసుకున్నవాళ్ళకీ ప్రాణం పోయినంత పనైంది. ఒకటే మంట. "అది నేచురల్ మంట" అని నేచురల్ గారు సర్దిచెప్పబోయాడు గానీ, రాసుకుని చూడమని ప్యాకింగు విభాగం వాళ్ళు డబ్బా చేతికిచ్చేసరికి మాట మార్చాడు. నూనెలు తీసెయ్యండి, కొవ్వు ఆమ్లం ఒక్కటే ఉంచండి, వాసన లేని లేపనం, మంట లేని లేపనం, ఇదే మన నినాదం అన్నాడు.

డాక్టరమ్మ పరీక్షకి కూర్చుంది. జావలా గట్టిపడిన ఆహారం పోసిన గాజు పళ్ళేల మీద బాక్టీరియాని పూసి, కొన్నిటి మధ్యలో నూనెలో తడిపిన కాగితం బిళ్ళలు, కొన్నిటి మధ్యలో కొత్త లేపనం పెట్టింది. పోల్చి చూడటానికి బాగుంటుందని అన్నిటినీ ఒకే ఇంక్యుబేటర్లో సర్దింది. ఇంక్యుబేటరంటే ఒంటి వేడిలో ఉండే చిన్న అలమర, తలుపు మూస్తే గాలి చొరబడదు. ఏ మందూ పెట్టని పళ్ళేలు కొన్ని మిగిలాయి. బాక్టీరియా అడ్డూ అదుపూ లేకుండా పెరిగితే ఎలా ఉంటుందో చూపించడానికి అవి. వాటికి ఆ అలమరలో చోటు చాల్లేదు. వసారాలో ఉన్న అలాంటిదే పాత అలమరలో పెట్టి తలుపు మూసి ఇంటికెళ్ళిపోయింది.

మర్నాడు చూస్తే పాత అలమరలోని పళ్ళేలు పాలమీగడ పరిచినట్టు బాక్టీరియాతో నిండిపోయి ఉన్నాయి. కొత్త అలమరలో లేపనం పెట్టిన పళ్ళేలు కడిగిన అద్దంలా ఉన్నాయి. బంగారు రంగువీ చచ్చాయి, పేగులవీ చచ్చాయి. పేగుల బాక్టీరియాని కొవ్వు ఆమ్లం చంపదని పుస్తకాలన్నీ ఘోషిస్తుంటే ఇక్కడ ఒక్కటీ బతికి లేదు. ఇలాంటప్పుడు తెలివైనవాళ్ళు ఆగి బుర్ర గోక్కుంటారు. డాక్టరమ్మ కూడా తెలివైనదే, కానీ ఆ రోజు బుర్ర గోక్కోలేదు. పుస్తకాలు రాసినవాళ్ళ కంటపడనిది తన కంటపడిందనుకుంది. ఇన్నేళ్ళూ ఎవరి సబ్బులో ఏ క్రిమి పడిందో చూడటమే సరిపోయింది, ఇప్పటికి తనదంటూ ఒకటి దొరికిందని పొంగిపోయింది. నివేదిక మీద సంతకం పెట్టేసింది.

నేచురల్ గారు చంకలు గుద్దుకున్నాడు. బజార్లోకి ఇంకా లేపనం రాకముందే గోడలకి అంటించే ప్రకటన కాగితాలు వచ్చేశాయి. తెల్లకోటుతో డాక్టరమ్మ నవ్వుతున్న ఫోటో, కింద "డాక్టరు పరీక్షించిన లేపనం". ఏ డాక్టరో అందులో రాయలేదు. నాన్న వాటిల్లో ఒకటి అడిగి తెప్పించుకుని, మెట్ల మలుపులో ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ కనబడేట్టు అతికించాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన కాలికి కొత్త చెప్పు కరిచింది. బొటనవేలి పక్కన చిన్న బొబ్బ లేచి, చితికి, పుండైంది. ఆయనకి షుగరుంది. షుగరున్నవాళ్ళ పాదానికి పుండు పడితే ఎంత జాగ్రత్తగా ఉండాలో క్లినిక్కులో నర్సు చెప్పింది, కట్టు కట్టింది, మాత్రలిచ్చింది, రోజు విడిచి రోజు రమ్మంది. అదే సాయంత్రం డాక్టరమ్మ సంచిలోంచి ఒక లేపనం డబ్బా తీసి నాన్న ముందు పెట్టింది.

"ఇదేనా?" అన్నాడు నాన్న, డబ్బాని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"ఇదే నాన్నా. రెండు రకాలనీ చంపేస్తోంది. ఇంతవరకూ ఎవరికీ రాలేదు ఇలాంటి ఫలితం."

"ఇంకా ఎవరైనా రాసుకున్నారా?"

"లేదు. బజార్లోకి రావాలి కదా."

"అయితే ముందు నేనే ఎక్కాలన్నమాట" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "చేసింది నువ్వు. నువ్వెక్కినా నేనెక్కినా ఒకటే కదా?"

"ఆ మాత్రలు కూడా వేసుకో నాన్నా" అంది డాక్టరమ్మ. అనాల్సిన మాటే అంది. కానీ లేచి వెళ్ళిపోతున్న చుట్టాన్ని భోంచేసి వెళ్ళమనే గొంతుతో అంది. నాన్న సరేనన్నాడు, మాత్రలు సొరుగులో పడేశాడు, మళ్ళీ క్లినిక్కు మొహం చూడలేదు. కూతురు మందు కనిపెట్టిన ఇంట్లో ఊరందరికీ ఇచ్చే మాత్రలు మింగడం ఆయనకి నామోషీ అనిపించింది.

మొదట్లో పుండు బాగానే కనిపించింది. తెల్లగా, దళసరిగా లేపనం పూశాక ఏ పుండైనా బాగానే కనిపిస్తుంది. పైగా నొప్పి లేదు. అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోయి చాలాకాలమైంది, గుచ్చినా తెలియదు. ఆ ఘనత కూడా నాన్న లేపనానికే కట్టబెట్టాడు. వీధిలో కనబడినవాళ్ళనల్లా ఆపి, మేజోడు వేసుకున్న కాలు ముందుకి చాపి, మా అమ్మాయి మందు అని డప్పు కొట్టడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ వారిస్తున్నట్టే వారించి లోపల మురిసిపోయేది. పొద్దున్నే హడావిడిగా వెళ్తూ "ఎలా ఉంది నాన్నా?" అని అడిగేది. "ఫస్టుక్లాసు" అనేవాడు. మేజోడు విప్పి చూపించమని ఒక్కసారీ అడగలేదు.

ఈలోగా లేపనం మొదటి సరుకు తయారైంది. డబ్బాల మీద అచ్చు వేసేముందు ఇంకోసారి పరీక్ష చెయ్యాలి, అది మామూలే. నూనెల సీసాలన్నీ అప్పటికే గదుల్లో చల్లే పరిమళాల విభాగానికి వెళ్ళిపోయాయి. డాక్టరమ్మ లేపనం పళ్ళేలు మాత్రమే అలమరలో పెట్టింది.

మర్నాడు తలుపు తీస్తే బంగారు రంగు బాక్టీరియా లేపనానికి కాస్త ఎడంగా జరిగింది. పేగుల బాక్టీరియా జరగలేదు. లేపనం అంచుల దాకా వచ్చి, దాన్ని చుట్టుముట్టి, నిగనిగలాడుతూ కూర్చుంది.

డాక్టరమ్మ ముందు సరుకుని అనుమానించింది. తర్వాత పళ్ళేలు కడిగే ఆవిడని అనుమానించింది. ఆ తర్వాత బాక్టీరియానే అనుమానించింది, ఈమధ్య మరీ బలిసిపోయాయేమోనని. అనుమానించడానికి ఇంకెవరూ మిగలక మళ్ళీ అలమర తలుపు తీసి లోపలికి తల పెట్టింది. ఏ వాసనా రాలేదు. ఉట్టి వేడిగాలి. అంతకుముందు పరీక్ష రోజు అదే తలుపు తీస్తే నిమ్మగడ్డి ఘాటుకి కళ్ళు చెమర్చాయి. హాయిగా ఉందని గుండెల నిండా పీల్చుకుంది కూడా.

నూనెలు ఆవిరవుతాయి. మూసిన అలమరలో ఆ ఆవిరి పక్క పళ్ళేల్లోకీ దూరుతుంది. బాక్టీరియాని చంపింది నిమ్మగడ్డి గాలి, పేరు కొట్టేసింది పక్కనున్న కొవ్వు ఆమ్లం. ఏ మందూ లేని పళ్ళేలని కూడా అదే అలమరలో పెట్టి ఉంటే అవీ అద్దంలా వచ్చేవి, తప్పు వెంటనే తెలిసేది. వాటినేమో శుభ్రమైన గాలి పీల్చుకోమని వసారాలోకి పంపింది. కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకి ఆవిడ మొదటిరోజు చెప్పే పాఠమే ఇది.

అప్పటికైనా ఇంటికి పరిగెత్తాల్సింది. పరిగెత్తలేదు. శాస్త్రం తొందరపడకూడదని తనకి తనే చెప్పుకుంది. నిజానికి తప్పు తనది కాకపోతే బాగుండునని ఇంకా ఆశ. పరిమళాల విభాగం నుంచి నిమ్మగడ్డి నూనె తెప్పించి, బిళ్ళ ఒకటి తడిపి, చుట్టూ ఏ మందూ లేని పళ్ళేలు పేర్చి తలుపు మూసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక "ఎలా ఉంది నాన్నా?" అంది. "ఫస్టుక్లాసు" అన్నాడు ఆయన, మేజోడు కాలు కుర్చీ కిందకి లాక్కుంటూ. ఆవిడ చూసింది, చూడనట్టే పడుకుంది.

పొద్దున్న వెళ్ళి చూస్తే ఆ పళ్ళేలన్నీ కడిగినట్టున్నాయి. ఏ మందూ పెట్టలేదు, అయినా ఒక్క బాక్టీరియా లేదు. ఇక ఆశ పెట్టుకోవడానికి కూడా ఏం మిగల్లేదు. రెండు రకాల పళ్ళేలూ పట్టుకుని నేచురల్ గారి గదిలోకి వెళ్ళింది. ప్లాస్టిక్ తీగలకి నీళ్ళు చిమ్మడం అప్పుడే అయింది.

"సార్, లేపనం పేగుల బాక్టీరియాని చంపట్లేదు."

"మొన్న చంపింది కదా మేడమ్?"

"మొన్న చంపింది లేపనం కాదు సార్. పక్క పళ్ళేల్లో ఉన్న నిమ్మగడ్డి నూనె ఆవిరి. అన్నీ ఒకే అలమరలో పెట్టాను. నాదే పొరపాటు."

నేచురల్ గారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మొహంలో దిగులు వస్తుందని డాక్టరమ్మ ఎదురుచూసింది. రాలేదు. దాని బదులు ఒక ఆలోచన వచ్చింది, అది ఇంకా ప్రమాదం.

"అంటే నూనె తగలకుండానే, గాలితోనే చంపేస్తోందా?"

"మూసిన అలమరలో అయితే, అవును."

"మరింకేం! డబ్బా మూతకి లోపలివైపు నిమ్మగడ్డి నూనె పూసేద్దాం. మూత మూస్తే డబ్బా కూడా అలమరే కదా."

"అప్పుడు డబ్బా శుభ్రంగా ఉంటుంది సార్, పుండు కాదు."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "పోనీ 'క్రిములని చంపుతుంది' అన్న మాట తీసేద్దాం. 'గాయానికి ప్రశాంతతనిస్తుంది' అని వేద్దాం. ప్రశాంతతకి మీ దగ్గర పరీక్ష ఏదీ లేదు కదా?"

"లేదు సార్."

"చూశారా, సమస్యే లేదు."

"నా ఫోటో తీసెయ్యండి. సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. అచ్చు వేస్తే నేనే బయట చెప్తాను."

"ఒత్తిడిలో ఇలా అనిపించడం నేచురల్ మేడమ్. ఇంటికెళ్ళి పడుకోండి."

ఆవిడ ఇంకేదో అనబోతుంటే ఫోను మోగింది. అత్త.

"ఏమే డాక్టరమ్మా, మీ నాన్న మేజోడు పట్టుకుంటే ఎలక చచ్చిన కంపు కొడుతోంది. ఏమిటన్నయ్యా ఇది అంటే, మొక్కల మందు అలాగే ఉంటుందంటున్నాడు. మీ మందుకి వాసన ఉండదన్నావు కదే నువ్వు?"

డాక్టరమ్మ పళ్ళేలు సంచిలో పడేసుకుని బయటపడింది. దారంతా తనని తాను తిట్టుకుంది. మెట్ల మలుపులో తన ఫోటో తననే చూసి పళ్ళికిలించింది. ఆ కాగితాన్ని పరపరా చింపి కింద పారేసి పైకి పరిగెత్తింది.

నాన్న కుర్చీలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టుకుని, పేపరు చదువుకుంటున్నాడు. ఆవిడ నేలమీద కూర్చుని మేజోడు లాగింది. కట్టు విప్పింది. తెల్లటి లేపనం పొరని గుడ్డతో తుడిచింది. కింద బొటనవేలు, దాని పక్క వేలు నల్లబడి, ఉబ్బి, మధ్య సందులోంచి పచ్చటి చీము ఊరుతోంది. పాదం పైదాకా ఎర్రటి గీత పాకింది. గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది.

"నొప్పి లేదమ్మడూ, అస్సలు లేదు" అన్నాడు నాన్న.

"లే నాన్నా. ఆసుపత్రికి వెళ్దాం. ఈ మందు పనిచెయ్యదు."

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నాను."

నాన్న పేపరు మడిచాడు. కూతురి మొహంలోకి జాలిగా చూశాడు. "మీ యజమాని ఏమైనా బెదిరించాడా? పేరంతా నీకే వస్తోందని కడుపుమంటా?"

"కాదు నాన్నా, పరీక్ష తప్పు చేశాను."

"నువ్వా? చిన్నప్పుడు పప్పులో ఉప్పు కూడా కొలిచి వేసేదానివి. నువ్వు తప్పు చెయ్యడమేమిటి? వీధంతా మెచ్చుకుంటోంది, దిష్టి తగిలి ఇలా భయపడుతున్నావు. నాలుగు రోజులు ఆగు, అదే ఎండిపోతుంది."

ఇన్నేళ్ళూ డాక్టరమ్మ మాటని పక్కింటి కుక్క యజమాని కూడా నమ్మాడు. ఇవాళ నమ్మొద్దు నాన్నా అంటే నమ్మేవాడు లేడు. తన గురించి ఈ మనిషి మనసులో కట్టుకున్న మేడని తనే పలుగు పెట్టి పొడిస్తే గానీ ఆయన అందులోంచి బయటికి రాడు.

సంచిలోంచి పళ్ళెం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మధ్యలో ఉన్నది నీ కాలికి రాసిన లేపనం. చుట్టూ మెరుస్తున్నదంతా బాక్టీరియా. ఇలాంటిదే ఏదో నీ కాలు తింటోంది."

నాన్న కళ్ళజోడు సరిచేసుకుని పళ్ళేన్ని వెలుతురుకి పట్టి చూశాడు. "మరి ముందు ఎలా చచ్చాయి?"

"ఒక లిఫ్టుకి తాడు లేదనుకో. పక్క లిఫ్టుకి గట్టి తాడుంది. రెంటినీ కలిపి కట్టేసి పైకి లాగితే రెండూ వెళ్తాయి కదా. నేను చూసి తాడు లేనిది కూడా బాగా నడుస్తోందని సంతకం పెట్టేశాను. తర్వాత కట్టు విప్పేశారు. అందులో నిన్ను ఎక్కించాను."

ఆయన పళ్ళెం అంచుని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"ఇది నీ చేత్తోనే చేశావా?" అన్నాడు చివరికి.

"నా చేత్తోనే."

"రెండోసారి చూసుకున్నావా?"

"చూసుకున్నాను నాన్నా."

"అయితే పద" అని కాలు కింద పెట్టాడు.

ఒక పక్క కూతురు, ఒక పక్క చెల్లెలు పట్టుకుని మూడంతస్తులు దింపేసరికి అందరి తల ప్రాణం తోకకొచ్చింది. పాదం మెట్టుకి కొట్టుకున్నా ఆయన అబ్బా అనలేదు, తెలియలేదు కాబట్టి. చినిగిన ఫోటో కాగితాలు మెట్ల మీద కాళ్ళకడ్డం పడితే మాత్రం ఆగి, వంగి ఏరబోయాడు. అత్త కసిరి లాక్కెళ్ళింది.

ఆసుపత్రిలో సర్జన్ వయసులో చిన్నవాడు, ముక్కు మీద కోపం. పాదం చూశాడు, వేలితో అక్కడక్కడా నొక్కాడు, ఎక్సరే తీయించాడు. రెండు వేళ్ళూ తీసెయ్యాలి, పాదం నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేను అన్నాడు. డాక్టరమ్మ మంచం కొస పట్టుకుని నిలబడింది.

"షుగరుండి ఇన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నారా? ఏం రాశారు దీనికి?" అని సర్జన్ నాన్న మీదకి వెళ్ళాడు.

"ఏదో కొబ్బరి లేపనమండీ."

"ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. ఎక్కడో చూసి కొనుక్కున్నాను."

డాక్టరమ్మ తలెత్తింది. కూరగాయల బండివాడికి తెలుసు, మీటరు చూసే మనిషికి తెలుసు, వీధి చివర చెప్పులు కుట్టేవాడికి కూడా తెలుసు ఆ మందు ఎవరిచ్చారో. ఆయన పనిగట్టుకుని చెప్పని మనిషి లేడు.

"కొనుక్కుని రాసేసుకోవడమేనా? అడ్డమైన ప్రకటనలూ నమ్మడం, చివర్లో మా దగ్గరికి పరిగెత్తుకు రావడం. ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరా మీకు?"

నాన్న గోడకున్న గడియారం వైపు చూశాడు. అత్త వైపు చూశాడు. కూతురి వైపు మాత్రం చూడలేదు.

"లేరండీ" అన్నాడు.

అత్త చప్పున తల తిప్పుకుంది. డాక్టరమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. ఒక్క మాట మాట్లాడకుండా నిలబడితే చాలు, ఆ తిట్లన్నీ నాన్నే పడతాడు, కాగితాల్లో తన పేరు ఎక్కడా రాదు, రేపు పొద్దున్న యథాప్రకారం తెల్లకోటు వేసుకోవచ్చు. ఆయన ఇచ్చింది అదే. ఆయన దగ్గర ఇవ్వడానికి ఇంకేం మిగిలింది గనక.

"ఉన్నానండీ" అంది. "నేను ఈయన కూతుర్ని. మందు ఇచ్చింది నేనే. బాక్టీరియాని చంపుతుందని పరీక్ష చేసి సంతకం పెట్టింది కూడా నేనే. ఆ పరీక్ష తప్పు. అది ఇంకో వారంలో బజార్లోకి వస్తుంది. దాన్ని ఆపాలి, అందుకు ఈ కాలు గురించి మీరు రాసివ్వాలి. నా పేరుతో సహా రాయండి."

నాన్న మంచం మీంచి లేవబోయి, లేవలేక, కోపంతో ఊగిపోయాడు.

"నిన్నెవరడిగారే? నోరు మూసుకుని నిలబడలేవూ?" అని అరిచాడు. ఆ తర్వాత ఆయన గొంతు పడిపోయింది. "వేళ్ళు ఎలాగూ పోతున్నాయి. నీ పేరైనా మిగులుతుందనుకున్నాను కదే."

డాక్టరమ్మ ఆయన పక్కన మంచం మీద కూలబడి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. సర్జన్ జేబులోంచి కలం తీసి, "మీ పేరు చెప్పండి" అని అడిగాడు.